స్తంభం సెలవు

బుడగ మెడను ఎడమచేతి వేళ్ళ మధ్య నొక్కిపట్టి, కుడిచేత్తో గ్యాసు సిలిండరు మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి వింటున్నవాడిలా ఆయన తల పక్కకి వంచి నిలబడ్డాడు. చిన్న రేకుల షెడ్డు. లోపలంతా రబ్బరు వాసన. బుడగ మొదట ముసలి చెంపలా ముడతలు పడి వేలాడింది. తర్వాత గుమ్మడికాయంత అయింది. ఇంకాసేపటికి ఆయన నడుము దాటి, ఛాతీ దాటి, షెడ్డులో మనిషన్నవాడు ఉన్నాడో లేడో బయటివాళ్ళకి తెలియనంతగా పెరిగింది.

అందులో బుడగ గొప్పతనమేమీ లేదు. మనిషే అంత. చీపురుపుల్లకి చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. గాలివేగం కొలిచే గిన్నెలు గిర్రున తిరిగే రోజుల్లో ఆయన ఆవరణ దాటుతుంటే, ఎవరైనా పట్టుకోండి, ఎగిరిపోతాడు అని గుమాస్తా కిటికీలోంచి కేకవేసేవాడు. అలాంటి మనిషికి ఆ వాతావరణ కేంద్రంలో అందరూ కలిసి పెట్టుకున్న పేరు స్తంభం.

గుమ్మం బయట కొత్తాయన నిలబడి చూస్తున్నాడు. స్తంభం స్థానంలోకి వచ్చిన మనిషి. పెద్దాఫీసులో కాగితాలు అచ్చువేసే గదిలో పనిచేసి ఇక్కడికి బదిలీ అయ్యాడు. నిండుగా, నెమ్మదిగా, ఏ పనికీ తొందరలేనట్టు ఉంటాడు. షెడ్డులోకి రమ్మంటే రాడు.

"చూశారుగా? రెండు చుట్లు, మడత, మళ్ళీ రెండు చుట్లు, ముడి" అన్నాడు స్తంభం, దారం బిగిస్తూ.

"పేలితే?"

"నేనుండగా ఎప్పుడూ పేలలేదు."

ఆ మాట అన్నాక ఇద్దరికీ ఒకేసారి రేపటి సంగతి గుర్తొచ్చింది. స్తంభానికి ఉద్యోగంలో అదే చివరిరోజు.

బుడగను పొదివి పట్టుకుని పచ్చిక మీదికి తెచ్చి, మేడ మీద దుర్భిణి ముందు కూర్చున్న పెద్దమనిషి చెయ్యి ఊపగానే వదిలాడు. ఆ పెద్దమనిషిని అందరూ ఒంటికన్ను అంటారు. కళ్ళు రెండూ ఉన్నాయి గానీ, దుర్భిణిలో చూసీ చూసీ మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఒకటి మూసే ఉంచుతాడు. బుడగ వెళ్ళాలా వద్దా అన్నట్టు కాసేపు ఊగి, ఆ తర్వాత వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అది ఎటు పోతే పైగాలి అటు వీస్తున్నట్టు. అది చుక్కయ్యేదాకా స్తంభం మెడ ఎత్తి చూశాడు. చూడడం ఆయన పని కాదు, ఒంటికన్ను పని. కానీ వదిలినవాడికి చూడాలని ఉంటుంది కదా.

ఆ తర్వాత పనులు రోజూ ఉన్నవే. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, అందులో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం కిందున్న సీసాలో నీళ్ళు పోయాలి. వాన కొలిచే గొట్టంలో వాన లేని రోజు ఆకులూ చీమలూ తీసెయ్యాలి. పక్కసందులోంచి వచ్చి ప్రభుత్వపు పచ్చిక మేసే మేకను అదిలించాలి. స్తంభం ఒక్కొక్కటీ చేసుకుంటూ వచ్చాడు. మేకను మాత్రం ఆవేళ అదిలించలేదు. దాన్ని కాస్త మేయనిచ్చాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన తన పెళ్ళికి సెలవు పెట్టాడు. ఆకాశం నిర్మలంగా ఉంటుందని ఆఫీసు వాళ్ళు పొద్దునే ప్రకటించి, అందరూ కలిసి పెళ్ళికి వెళ్ళారు. వాళ్ళు భోజనాలకి కూర్చున్న వేళకి ఎక్కణ్ణుంచో ఒక్క మబ్బు వచ్చింది. ఒక్క పిడుగు వేసింది. అది గాలివేగం కొలిచే స్తంభం మీద పడి, ఆ స్తంభం అప్పటి అధికారి ముందురోజే కొన్న కారు మీద పడింది. పాపం, ఆయన ఆ కారులో పెళ్ళికి వస్తే గీతలు పడతాయని ఆఫీసులో వదిలి నడిచి వచ్చాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. పిడుగు కదా.

రెండోసారి కూతురు పుట్టినప్పుడు. ఆరోజు వానకి పాత రికార్డుల గది పైకప్పు కూలింది. ఎన్నో ఏళ్ళ వాన లెక్కలన్నీ ఒక్క వానకి తడిసి ముద్దయ్యాయి. ఇతను లేనప్పుడే ఎందుకిలా అవుతోందని గుమాస్తా మొదటిసారి అన్నది అప్పుడే. అందరూ నవ్వారు.

మూడోసారి జ్వరం. అది సెలవని కూడా అనలేం, లేవలేక పడుకున్నాడు. పెద్దాఫీసు వాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చింది ఆరోజే. అప్పటి అధికారి బుడగల షెడ్డు చల్లగా ఉంటుందని అందులో పడుకుని, గాలి తీసిన బుడగ తలకింద పెట్టుకుని గురకపెడుతున్నాడు. స్తంభం ఉండి ఉంటే వెళ్ళి లేపేవాడు. వారం తిరక్కుండా ఆయనకి దూరాభారం బదిలీ అయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాలుగోసారి పన్ను పీకించుకోవడానికి మధ్యాహ్నం నుంచి వెళ్తానన్నాడు. పూట సెలవే కదా అని ఇచ్చారు. ప్రహరీగోడ కూలింది. సరిగ్గా సగం.

సగం రోజు సెలవుకి సగం గోడ. ఇంతకన్నా రుజువేం కావాలి? ఈ ఆఫీసుని మోస్తున్న స్తంభం ఇతనేనండీ అని గుమాస్తా తేల్చేశాడు. దవడ వాచిపోయి, నోట్లో దూదితో మర్నాడు గేటులో అడుగుపెట్టిన మనిషికి అందరూ లేచి నిలబడ్డారు. ఆయన జీవితంలో అంతకుముందెవరూ ఆయనకోసం లేచి నిలబడలేదు. దూది వల్ల ఏమీ అనలేక చెయ్యి ఊపాడు.

ఆపైన ఎందరు అధికారులు మారినా, తాళాలతోపాటు ఈ కబురు కూడా పాతవాడు కొత్తవాడికి అప్పజెప్పి వెళ్ళేవాడు. వచ్చినవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే. మేము ఇలాంటివి నమ్మం అనేవాళ్ళే. ఆయనకి సెలవు ఇవ్వం అని ఎవరూ అనలేదు. ఆయన అడిగినప్పుడు మాత్రం ఒకసారి పైకప్పు వంక, ఒకసారి ఆయన వంక చూసి, నీ ఇష్టం అనేవాళ్ళు. ఆ చూపుకి ఆయన కరిగిపోయేవాడు. పోనీలెండి, తర్వాత చూద్దాం అని తనే వెనక్కి తీసుకునేవాడు.

కూతురి పెళ్ళికి తప్పదు కదా అనుకున్నారంతా. అప్పటి అధికారి బాగా ఆలోచించి, పెళ్ళి ఆఫీసు పచ్చిక మీద చేసుకోమన్నాడు. అప్పుడు సెలవూ అక్కర్లేదు, హాలు వెతుక్కునే పనీ ఉండదు. ఆ పెళ్ళి ఫొటోల్లో వధూవరుల మధ్య తెల్ల చెక్కపెట్టె, పక్కన వాన గొట్టం స్పష్టంగా కనిపిస్తాయి. ఒక ఫొటోలో పెళ్ళికూతురి తండ్రి కొత్తబట్టల్లో బుడగ పట్టుకుని పరుగెడుతున్నాడు. వేళకి వదలాలి మరి. పొడి వాతావరణం అని ప్రకటించిన రోజు కాబట్టి మిగతా ఫొటోల్లో అందరూ తడిసే ఉన్నారు.

ఆయనకో అన్నయ్య ఉండేవాడు, వేరే ఊళ్ళో. నువ్వెలాగూ రావులే, నేనే వస్తాను అని ఏటేటా తనే వచ్చి నాలుగు రోజులుండి పోయేవాడు. తమ్ముడి గొప్పదనం ఆయన అక్కడ అందరికీ చెప్పేవాడట, మా వాడు కాలు బయటపెడితే ఆఫీసు కూలుతుంది అని. ఒక ఏడు ఆయన రాలేకపోయాడు. మంచం మీదున్నాడని కబురొచ్చింది. స్తంభం ఆరోజూ అధికారి గదిలోకి వెళ్ళి, ఆ చూపు చూసి, తిరిగి వచ్చాడు. వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాడు. వచ్చే వారానికి చూడ్డానికి అన్నయ్య లేడు.

చివరిరోజు మధ్యాహ్నం కావస్తుండగా మేడం పిలుస్తోందని కబురొచ్చింది. మేడం అంటే కొత్త అధికారిణి. కొత్తగా వచ్చిన చిన్నవయసు మనిషి. ఏది ఎంతవరకు జరగొచ్చు, ఎంతవరకు జరగకపోవచ్చు అనే లెక్కల్లో పెద్దచదువు చదివింది. వచ్చిన రోజునే స్తంభం అసలు పేరేమిటని అడిగితే గుమాస్తా కాసేపు ఆలోచించి, కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.

మేడం బల్ల మీద సెలవు కాగితాలు పేర్చి ఉన్నాయి. అన్నీ రేపటికే. గుమాస్తాకి రేపు కడుపునొప్పి రాబోతోంది. టైపిస్టు పిన్నిగారికి రేపు ఒంట్లో బాగుండదు. ఒంటికన్నుకి కంటి పరీక్ష, మూసిన కంటికి. స్తంభం లేని మొదటిరోజు ఆ కప్పు కింద కూర్చోవడానికి ఒక్కరూ సిద్ధంగా లేరు.

ఆమెకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. "వాన సంగతి చెప్పలేనివాళ్ళు కడుపునొప్పి సంగతి ముందురోజే చెబుతున్నారు" అంది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. "నిజం చెప్పండి. మీరు కూడా ఇది నమ్ముతున్నారా?"

"నేను నమ్మేదేముంది మేడం. జరిగింది."

ఆయన ఉండగా ఈ ఆఫీసులో ఏమేం పాడయ్యాయో చెప్పమంది. ఆయన ఇబ్బందిపడుతూ గుర్తుచేసుకున్నాడు. బావి మోటారు కాలింది, ఒకసారి కాదు. తుఫానుకి షెడ్డు రేకు ఎగిరి పక్కసందులో మేకల కొట్టం మీద పడింది. ఇంతకుముందు అధికారి కుర్చీ విరిగి ఆయన నడుం పట్టేసింది.

"అప్పుడు మీరున్నారా?"

"ఉన్నాను మేడం. కానీ అది కుర్చీ విరగడం కాదు, ఆయన బరువు అలాంటిది."

"మీరు లేనప్పుడు విరిగితే మీరు లేనందుకు. ఉన్నప్పుడు విరిగితే ఆయన బరువుకి. ఇదేం లెక్కండీ?"

ఆమె కాకతాళీయం అన్న మాట ఎత్తుకుంది. తాటిచెట్టు మీద కాకి వాలింది, పండు పడింది. కాకి బరువుకి పడలేదది. పండింది, పడింది. కాకి ఆ వేళకే వచ్చింది, అంతే. ఇది పాత భవనం, ఏదో ఒకటి కూలుతూనే ఉంటుంది. అందులో నాలుగు మీ సెలవులకి కలిసొచ్చాయి. మిగతావి ఎవరికీ గుర్తులేవు.

"ఒక్కసారైతే సరే మేడం. నాలుగుసార్లు వాలితే నాలుగు పళ్ళు పడ్డాయి."

ఆమె బొరుసు పడేదీ బొమ్మ పడేదీ ఎవరి చేతిలోనూ ఉండదని చూపిద్దామని పర్సులోంచి ఒక నాణెం తీసి ఎగరేసింది. బొమ్మ. మళ్ళీ ఎగరేసింది. బొమ్మ. మళ్ళీ బొమ్మే. ఇంకోసారి ఎగరేసింది, ఇంకోసారి. బొమ్మ, బొమ్మ. స్తంభం మర్యాద కొద్దీ కిటికీ వంక చూశాడు. ఆమె నాణెం రెండు వైపులా తిప్పి చూసుకుంది.

"ఇలా కూడా జరగొచ్చు" అంది చివరికి. "జరగొచ్చనే నేను చెబుతున్నది."

"అవును మేడం. జరగొచ్చనే నేనూ చెబుతున్నాను."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో గది కాస్త తేలికపడింది. ఆమె నాణెం పర్సులో పెట్టేసింది. కాకి ఆ చెట్టు మీద ఎన్ని వందల సార్లు వాలిందో, ఎన్నిసార్లు ఏమీ పడలేదో చూస్తేగానీ తేలదంది. ఆ నాలుగుసార్ల తర్వాత ఈ కాకిని ఎవరూ వాలనివ్వలేదని ఆయన అన్నాడు.

"అదే నేననేది" అంది ఆమె, ఉత్సాహంగా ముందుకి వంగి. "వాలనివ్వాల్సింది. ఇన్నేళ్ళూ మీరు హాయిగా సెలవులు తీసుకుని ఉండొచ్చు. ఏమీ అయ్యేది కాదు."

ఆమె దాన్ని శుభవార్తలా చెప్పింది. మనసులో బరువు దించుతున్నాననుకుంది. స్తంభం తన చేతివంక చూసుకుంటూ నిలబడ్డాడు. పన్ను పీకినరోజు ఆ డాక్టరు పన్ను చేతిలో పెట్టి ఇంత చిన్నదే అన్నప్పుడు కూడా ఇలాగే చేతివంక చూసుకున్నాడు. ఆమె చెప్పిందే నిజమైతే, ఆయన మోసినదేమీ లేదు. కప్పు దానంతటది నిలబడింది. కింద ఊరికే చేతులెత్తి నిలబడ్డ మనిషి తను. ఆయన కళ్ళముందు అన్నయ్య మంచం కనిపించింది, తను చూడని మంచం.

"వస్తాను మేడం" అన్నాడు. "గొట్టంలో ఆకులు పడుంటాయి." పొద్దునే తీశాడన్న సంగతి గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

సెలవు కాగితాలన్నిటి మీదా ఆమె సంతకం పెట్టేసిందని తర్వాత తెలిసింది. రేపు నేనూ కొత్తాయనా ఉంటే చాలు, ఏమవుతుందో చూస్తాను అందట.

సాయంత్రం వీడ్కోలు సభ. మామూలుగా ఇలాంటి సభల్లో మీరు లేని లోటు తీరనిది అని మాటవరసకి అంటారు. ఇక్కడ ఆ మాట అన్నవాళ్ళంతా పైకప్పు వంక చూసి అన్నారు. ఒంటికన్ను మాట్లాడుతూ రెండు కళ్ళూ మూసుకున్నాడు, అందరికీ అది కొత్తగా అనిపించింది. గుమాస్తా ఆ నాలుగు సెలవుల కథ చెప్పాడు. ఏటేటా చెబుతూ వచ్చిన కథే కాబట్టి సగం కూలిన గోడ ఇప్పుడు పూర్తిగా కూలిపోయింది, కారులో డ్రైవరు కూడా ఉన్నాడు, వెంట్రుకవాసిలో బతికాడు. స్తంభం ఎప్పుడూ ఆ కథ తల వంచుకుని, చెవులు ఎర్రబడగా, లోపల్లోపల ఎంతో ఇష్టంగా వినేవాడు. ఆవేళ తల ఎత్తి విన్నాడు. సగమే కదా కూలింది అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ కలిసి ఆయనకో గొడుగు ఇచ్చారు. వాన రాదని చెప్పేవాళ్ళు ఇచ్చిన గొడుగు కాబట్టి చాలా గట్టిదే కొన్నారు. ఆయన కొత్తాయన చేతిలో షెడ్డు తాళం పెట్టి, రెండు చుట్లు, మడత, రెండు చుట్లు అని ఇంకోసారి చెప్పాడు. గేటు దాటాక ఒక్కక్షణం ఆగి, చెవి రిక్కించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. మేక ఆకులు నములుతున్న చప్పుడు తప్ప.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన రచ్చే గెలిచాడు. ఇంట్లో వంటగది కుళాయి ఆయన ఉన్నా చుక్కచుక్కగా కారేది, లేకపోయినా అలాగే కారేది. మీరున్నా ఒకటే లేకపోయినా ఒకటే అని ఆయన భార్య ఎన్నోసార్లు అంది, అన్నప్పుడల్లా ఆయన ఆఫీసు వైపు చూసి ఊరట పొందేవాడు. ఆమె ఆ ఆఫీసుని సవతి అనేది. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ చావులకీ ఆమె ఒక్కతే బస్సెక్కింది. ఆయన రాలేదేమని ఎవరైనా అడిగితే, ఆయన వస్తే అక్కడ కప్పు కూలుతుంది అని చెప్పేది. మొదట్లో వెటకారంగా అనేది. పోనుపోను మామూలుగా, ఆ పైన కాస్త గర్వంగా కూడా.

మర్నాడు ఇద్దరూ కలిసి కూతురి ఊరు వెళ్ళాలని ఎప్పుడో అనుకున్నారు. ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె పెట్టెలో బట్టలు సర్దుతోంది. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, మేడం చెప్పిన లెక్కంతా చెప్పాడు, కాకి సంగతి, కుర్చీ సంగతి, చివర్లో అన్న మాట. నాణెం సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె మడతపెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయి పురిటికి నేనొక్కదాన్నే వెళ్ళాను" అంది. "బావగారు పోయినప్పుడు మీ బదులు నేనే ఆయన పక్కన కూర్చున్నాను. మీరు కదిలితే నిజంగానే కూలుతుందేమోనని ఊరుకున్నానండీ. అదంతా ఊరికే అంటే, ఇప్పుడు నేనెవరితో పోట్లాడను?"

ఆయన కుళాయి చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"ఆవిడ లెక్కలో ఎక్కడో తప్పుండొచ్చులే" అన్నాడు కాసేపయ్యాక.

"ఉంటే బావుణ్ణు" అంది ఆమె, చీర పెట్టెలో పెడుతూ.

పొద్దున బయల్దేరే హడావుడిలో దారిలో తినడానికి కట్టుకుందామని ఆమె డబ్బా కోసం వెతికింది. ఆయన రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే డబ్బా. అది ఇంట్లో లేదు. ఆయన నిన్న తిని, కడిగి, అక్కడే వదిలేసి వచ్చాడు. గొడుగు మోసుకొచ్చి డబ్బా మరిచిపోయారా అని ఆమె సణుక్కుంటూ కాగితంలో పొట్లం కట్టింది.

బస్సు ఆఫీసు వీధిలోంచే వెళుతుంది. కిటికీ పక్క సీటు ఆమె అడక్కుండానే ఆయనకి వదిలింది. ఆఫీసుకి ఎదురుగా స్టాపులో బస్సు ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కువగానే ఉన్నారు. ఆయన గొడుగు కర్ర మీద గడ్డం ఆనించి చూశాడు.

భవనం ఉంది. కప్పు ఉంది. ప్రహరీ రెండు సగాలూ నిలబడే ఉన్నాయి. గాలివేగం కొలిచే గిన్నెలు తీరిగ్గా తిరుగుతున్నాయి. మేడం దుర్భిణిని మేడ మీదనుంచి దింపించి, ఏదీ మీద పడే వీల్లేని చోట, పచ్చిక నట్టనడుమ పెట్టించుకుని నిలబడి ఉంది. మెట్లు ఎక్కలేక కావచ్చు. కొత్తాయన బుడగను రెండు చేతులా పొదివి పట్టుకుని, మొహం ఒకవైపుకి తిప్పుకుని, అడుగులో అడుగేస్తూ వచ్చాడు. ఆమె చెయ్యి ఊపింది. ఆయన వదిలాడు.

స్తంభం కిటికీలోంచి ముందుకి వంగాడు. తను ఏది కోరుకుంటున్నాడో ఆయనకే తెలియలేదు. బుడగ కాసేపు ఊగి, తిన్నగా, ఎక్కడా తొణక్కుండా పైకి లేచింది. ముడి బాగా పడింది. బస్సు కిటికీలోంచి ఎంత వంగినా ఇంక కనిపించనంత పైకి వెళ్ళిపోయింది.

"అదుగో మన డబ్బా" అంది ఆమె, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి. "షెడ్డు కిటికీలో ఉంది. ఒక్క నిమిషం ఆపమంటాను, దిగి తెచ్చుకోండి."

"వద్దు" అన్నాడు ఆయన. "ఇవాళ నేను గేటులో అడుగుపెడితే లెక్క తప్పుతుంది. నేను వచ్చినట్టే అవుతుంది."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన మొహం వంక చూసింది. ఇంతకాలం ఎంతమందికో ఆయన బదులు చెప్పి వచ్చిన మనిషి, ఇప్పుడు ఆయనకే ఏం చెప్పాలో వెతుక్కుంది.

"ఏమీ కాలేదా?" అంది మెల్లగా.

"ఏమీ కాలేదు."

"ఇంకా పొద్దునేగా" అంది ఆమె, ఆయన చొక్కా మీద పడిన దుమ్ము దులుపుతూ. "సాయంత్రంలోపు ఏదో ఒకటి అవుతుందిలెండి."

బస్సు కదిలింది. ఆయన నవ్వాడో లేదో ఆమెకి కనిపించలేదు, మెడ వెనక్కి తిప్పి చూస్తున్నాడు. రేకుల షెడ్డు కిటికీ గట్టు మీద, కడిగి బోర్లించిన డబ్బా, దాని పక్కనే విడిగా మూత, రెండూ తడి ఆరిపోయి ఎండలో ఉన్నాయి.